పిల్లల చిరాకు: అది క్రోధమేనా?

(చెన్నూరులో భక్తుల ఎదుట చేసిన ఉపన్యాస పాఠం)



అరిషడ్వర్గాన్ని గురించి ఈ వేదిక మీద ఎందరో పెద్దలు చెప్పి ఉన్నారు. నన్ను క్రోధాన్ని గురించి చెప్పమన్నారు. పెద్దల క్రోధాన్ని పక్కనపెట్టి పిల్లల సంగతి ఎత్తుకుంటానని ముందే మనవి చేశాను. అందుకు కారణం ఉన్నది. పురాణ కాలక్షేపం ముగిసిన తరువాత నా వద్దకు వచ్చే తల్లులు జాతకాల కంటె, వివాహ ముహూర్తాల కంటె, ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నది దీనినే. వారి మాటలలోనే చెబుతాను: "అయ్యగారూ, మా పోరడు పొద్దుగాల లేసినకాడికెళ్ళి చిడచిడే. కొత్తంగి ఏస్తే గుంజి పారేస్తడు. అన్నంల కూర కలిపితే కక్కుతడు. పెండ్లికి తీస్కపోతే బ్యాండు సప్పుడుకు చెవులు మూసుకొని ఒకటే లొల్లి. దిష్టి తీసిన, తాయెత్తు కట్టించిన. అందరు నన్నే అంటున్నరు. ఏదన్న మంత్రముంటే చెప్పుండ్రి."

మంత్రం చెప్పడం నాకు తేలిక. కాని ఆ బాలునికి కలిగినది క్రోధమా, బాధయా అన్నది తేల్చకుండా మంత్రం చెప్పడం శాస్త్రమర్యాద కాదు.

క్రోధం పుట్టే క్రమాన్ని గీత రెండవ అధ్యాయంలో భగవానుడు చెప్పాడు. విషయాలను తలపోయడం వలన సంగం, సంగం వలన కామం, కామం వలన క్రోధం. అంటే క్రోధం వెనుక ఒక కోరిక ఉండి తీరాలి. అంగడిలో బొమ్మ కోసం నేల మీద పడి ఏడ్చే పిల్లవానిని చూడండి. ఏడుస్తూనే ఓరకంట తల్లిని గమనిస్తుంటాడు. బొమ్మ చేతికి రాగానే ఏడ్పు ఆగుతుంది. దీని మూలం కోరిక. దీనిని పెద్దలు నిదానంగా, గట్టిగా దిద్దవలసినదే. పెండ్లి పందిట్లో చెవులు మూసుకొన్న పిల్లవాడు వేరు. లడ్డు ఇచ్చినా ఆగడు, బొమ్మ ఇచ్చినా ఆగడు. ఎవరు చూస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో వానికి పట్టదు. పందిరి దాటించి నిశ్శబ్దంగా ఉన్న చోట కూర్చుండబెట్టినా తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఆ తరువాత అలసి నిద్రపోతాడు. ఈ ఏడ్పు వెనుక ఉన్న కోరిక ఏది? ఆ చప్పుడు ఆగాలన్నది ఒక్కటే. నిప్పు తగిలినవాడు చేయి వెనుకకు తీసుకోవడాన్ని కామమని ఏ శాస్త్రజ్ఞుడూ అనడు.

న్యాయశాస్త్రంలో మనస్సును అణువంటారు. ఒక క్షణంలో అది ఒక్క ఇంద్రియంతోనే కూడుతుందని సిద్ధాంతం. పుస్తకంలో మునిగినవానికి గడియారం గంట వినపడకపోవడం అందువల్లనే. సిద్ధాంతం మీద వాదం ఉండవచ్చు గాని అనుభవం అందరిదీ. ఇప్పుడు మీ చొక్కా మెడపట్టీ మీ చర్మాన్ని తాకుతూనే ఉన్నది, తల మీద ఫ్యాను చప్పుడు చేస్తూనే ఉన్నది. నేను చెప్పేదాకా మీలో ఎందరు వాటిని గమనించారు? మనస్సు వాటిని వెనుకకు నెట్టివేసింది. కొందరు పిల్లలకు ఈ నెట్టివేత కుదరదు. అంగి కుట్టు, ట్యూబులైటు మినుకు, వంటింటి పోపు ఘాటు, బడిలో బెంచీలు జరిపిన రాపిడి, అన్నీ ఒక్కసారిగా, ఒకే పెద్ద గొంతుతో లోపలికి వస్తుంటవి. ఉదయం నుండి వాటిని మోసిన బిడ్డ సాయంత్రం తల్లి ఒక మాట అనగానే విరుచుకుపడితే, ఆ మాట వలన విరుచుకుపడ్డాడని మనం అనుకుంటాము.

అమెరికా దేశంలో జీన్ ఏర్స్ అనే విదుషి, ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఈ విషయం మీద పరిశ్రమ చేసి 1972లో గ్రంథం ప్రకటించారు. మనకు జ్ఞానేంద్రియాలు అయిదు. వాటికి తోడు లోపలిచెవి వలన కలిగే తూకం, కండరాలు కీళ్ళ వలన కలిగే దేహస్థితిజ్ఞానం అనే రెండింటికి ఆమె పెద్ద పీట వేశారు. తర్కపాఠం చదివిన నాకు ఈ రెండూ కొత్త. ఊయల ఎక్కించగానే భయంతో బిగుసుకుపోయే బిడ్డకు మొదటిది ఇబ్బంది. దీనికి విరుద్ధమైన పిల్లలూ ఉన్నారు. వారికి స్పర్శ, చలనం ఎంత ఉన్నా చాలవు. గిరగిర తిరుగుతారు, గోడలకు గుద్దుకుంటారు, అంగి కాలరు నములుతారు. బడిలో వీరికి అల్లరివారని పేరు.

చరకసంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో ఇంద్రియాలకు విషయాలతో కలిగే అతియోగం, అయోగం, మిథ్యాయోగం అనే మూడు దోషాలు చెప్పబడినవి. ఉరుములు, పటహధ్వనులు, పెద్ద కేకలు అతిగా వినడం చెవికి అతియోగమని అక్కడ ఉన్నది. దీనిని చూపి, ఆధునికులు చెప్పినదంతా మనవారు ఏనాడో చెప్పారని చప్పట్లు కొట్టించుకోవడం నాకు ఇష్టం లేదు. చరకుడు చెప్పినది విషయం మితిమీరినప్పుడు ఎవరికైనా కలిగే చేటు. ఇప్పటివారు చెబుతున్నది అందరికీ మితమైనదే ఒక బిడ్డకు అతి కావడం. రెండూ చేరువలో ఉన్నవి, ఒకటి కావు. నాకు ఇంతకంటె దగ్గరగా తోచినది కాశ్యపసంహితలోని వేదనాధ్యాయం. మాట రాని శిశువు ఎక్కడ బాధపడుతున్నదో చేష్టలను బట్టి తెలుసుకొనే విధానం అందులో ఉన్నది. చేతులతో చెవులు తాకుతూ, తల అటూ ఇటూ తిప్పుతూ, నిద్ర మానితే చెవినొప్పిగా గుర్తించమంటాడు. ఆ అధ్యాయంలో ఏడ్పు అపరాధం కాదు, లక్షణం.

"గీత శీతోష్ణ సుఖదుఃఖాలను ఓర్చుకోమన్నది గదా, పిల్లలకు ఓర్పు నేర్పవద్దా?" అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న. అయితే మన శాస్త్రం ఏ సాధన చెప్పినా ముందు అధికారి ఎవరని అడుగుతుంది. తితిక్ష శమదమాదులలో చేరినది, వివేకవైరాగ్యాలు కలిగిన ముముక్షువుకు చెప్పినది. అర్జునుడు పెరిగిన వీరుడు. అక్షరాభ్యాసానికి అయిదవ ఏడు దాకా ఆగే మనము, నాలుగేండ్ల బిడ్డను తితిక్షకు అధికారిగా ఎట్లా నిలబెడతాము? ఓర్పు నేర్పాలి, మెల్లగా నేర్పాలి. మన గోదావరిలో ఈత నేర్పేవారు మోకాటి లోతులో మొదలుపెడతారు, మడుగులోకి తోయరు.

తలనీలాల దగ్గర ఈ తోయడమే జరుగుతుంది. వేములవాడకో ధర్మపురికో తీసుకుపోతారు. కొత్త ఊరు, జనం, తల మీద చన్నీళ్ళు, చల్లని కత్తి. తల ముట్టితేనే ఒణికే బిడ్డను ముగ్గురు పట్టుకొని కూర్చుంటారు. ఆ భయం ఏండ్లు వెంటాడుతుంది, ఆ తరువాత గుడి అనగానే బిడ్డ పారిపోతాడు. మొక్కు ఒక ఏడాది ఆలస్యమైతే దేవుడు అలుగుతాడని నేను చదివిన ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. బిడ్డ అలవాటు పడేదాకా ఆగండి. తల్లి ఒడిలో, జనం లేని వేళ, ముందు తల నిమిరి నిమిరి, అప్పుడు చేయించండి.

వైద్యుల మాట కూడ చెప్పవలె. అమెరికా మానసిక వైద్యులు 2013లో సవరించిన నిర్ణయగ్రంథంలో పిల్లల దీర్ఘకాలపు చిరాకుకు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి చేర్చారు. ఏడాదికి తగ్గకుండా సాగడం, వారంలో మూడుసార్లో అంతకు మించియో ఉగ్రమైన విస్ఫోటాలు, వాటి నడుమ కూడ దినమంతా చిరాకు, అదీ ఇంట ఒక్కచోటనే కాక బడిలోనో తోటివారితోనో కూడ, ఇవి దాని గుర్తులు. ఇంద్రియాల ఇబ్బందిని మాత్రం అందులో వేరే వ్యాధిగా చేర్చలేదు, ఆటిజం లక్షణాలలో ఒకటిగా చెప్పారు. అంతకు ముందే, 2012లో, అక్కడి పిల్లల వైద్యుల సంఘం దానినొక్కదానినే రోగంగా నిర్ణయించవద్దని, వెనుక ఆటిజం, శ్రద్ధలోపం వంటివి ఉన్నవేమో పరీక్షించమని చెప్పింది. కనుక చెవులు మూసుకొన్న ప్రతి బిడ్డకు పొరుగువారు ఒక జబ్బు పేరు తగిలించవద్దు. పేరు భయంతో వైద్యుని వద్దకు పోకుండా ఉండనూవద్దు.

చిరాకుకు మామూలు కారణాలు ముందు చూడాలి. చెవిలో చీము, పిప్పిపన్ను, మలబద్ధకం, రక్తహీనత, సరిగా కనపడకపోవడం, చాలని నిద్ర. అర్ధరాత్రి దాకా ఫోను చూచి ఉదయం బడికి పోయే పిల్లవాని చిరాకుకు చరకుని దాకా పోనక్కర లేదు. పదమూడు, పదునాలుగేండ్ల వారి విషయంలో ఒక హెచ్చరిక. ఆ వయసులో మనోవ్యాకులత పెద్దలకు వలె కన్నీళ్ళతో రాకపోవచ్చు, చిరాకు రూపంలో వస్తుంది. ఆట మాని, అన్నం మాని, గది తలుపు వేసుకొని, పలకరిస్తే కసురుకొనే బిడ్డను పొగరని వదిలివేయకండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ వారు మాట్లాడుతారు, అది 2022 నుండి నడుస్తున్న ప్రభుత్వ సేవ. అంగన్వాడీలకు, ప్రభుత్వ బడులకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందాలు వస్తవి, పుట్టినప్పటి నుండి పద్దెనిమిదేండ్ల దాకా పరీక్ష చేస్తవి. వారు వచ్చిన దినం బిడ్డను దాచకండి, ఈ సంగతులన్నీ చెప్పండి. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో వెలసిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ఏర్పడినది. ఎదుగుదలలో తేడాలున్న పిల్లలను కూడ అక్కడ చూస్తారు.

ఇంట్లో చేయదగినవి పెద్ద ఖర్చు లేనివే. అంగి మెడ వెనుక గుచ్చుకొనే పట్టీని కత్తిరించండి. కొత్త బట్టను రెండుసార్లు ఉతికి తొడగండి. కూర వేరు, అన్నం వేరు పెట్టండి. మిక్సీ తిప్పే ముందు, కుక్కరు కూత వేసే ముందు చెప్పండి. ముందు తెలిసిన చప్పుడు సగం చప్పుడే. వెనుక నుండి వచ్చి ముట్టవద్దు. మెల్లగా నిమిరితే ఉలికిపడే బిడ్డ గట్టిగా దగ్గరకు తీసుకుంటే స్థిమితపడవచ్చు. ఏది నచ్చునో బిడ్డనే చూచి తెలుసుకోవలె. చెవులకు రక్షణ ఊరేగింపుల వద్ద పెట్టవచ్చు గాని దినమంతా పెడితే చెవి ఇంకా సున్నితమవుతుంది. కొట్టడం వలన ఒక్క చప్పుడు తగ్గదు, ఒక్కటి పెరుగుతుంది.

ఇక మన గుడి. ధర్మకర్తలు ఎదుటనే ఉన్నారు కనుక చెబుతున్నాను. గంట, డోలు, మైకు, సాంబ్రాణి, కర్పూరం, ఒరుసుకొనే జనం, మనకు ఇవి భక్తిని పెంచేవి. పైన చెప్పిన బిడ్డకు అన్నీ ఒక్కచోట కూడిన అతియోగం. ఈ కారణంగా ఆలయానికే రావడం మానుకొన్న తల్లులు నాకు తెలుసు. నిశ్శబ్దం మనకు పరాయిది కాదు. మనువు జపాలలో వాచికం కంటె ఉపాంశువును, దానికంటె మానసికాన్ని ఎన్నో రెట్లు ఎక్కువ చేసి చెప్పాడు. వారంలో ఒక పూట, జనం తక్కువగా ఉండే వేళ, మైకు కట్టివేసి, గంట మెల్లగా తట్టి దర్శనం చేయించలేమా? కుంకుమ పెట్టబోతే వెనుకకు జరిగే బిడ్డను అర్చకస్వాములు గద్దించవద్దు, తల్లి చేతికి ఇస్తే చాలు. శఠారి తల మీద పెట్టే ఆలయాలలోనూ ఇంతే. చేయి పట్టి లాగి గంట కొట్టించవద్దు. అగస్త్యేశ్వరుని సన్నిధిలో నాలుగు వందల ఏండ్లకు పైగా వెలుగుతున్నదని పెద్దలు చెప్పుకొనే అఖండజ్యోతి ఉన్నది. గంటకు పారిపోయే పిల్లలు ఆ దీపం ఎదుట చాలాసేపు కదలక కూర్చోవడం నేను చూచాను.

వీధి సంగతి వేరే చెప్పాలా? రాత్రి పది నుండి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగించరాదని 2000 నాటి నియమాలు. నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్లు. నిమజ్జనం నాటి డీజే పెట్టెల ముందు ఈ అంకె చెబితే నవ్వుతారు. చేటంత చెవులున్న వినాయకుడు ఓర్చుకుంటాడేమో గాని, ఊయలలోని పసికందు ఓర్వదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నవి. గోదావరి ఉత్తరవాహినిగా పారే మన క్షేత్రానికి ఎక్కడెక్కడి నుండో కుటుంబాలు వస్తవి. స్నానఘట్టాల వద్ద మరుగుదొడ్లకు, మందులకు డేరాలు వేస్తారు. ఇటువంటి పిల్లల కోసం మైకు చేరని చోట, నీడన, ఒక డేరా కూడ వేయమని, ఇప్పటి నుండే అధికారులకు విన్నవించుకోమని ధర్మకర్తలను కోరుతున్నాను.

హారతి వేళ అయినది. మరి కొన్ని నిమిషాలలో పెద్దగంట, డోలు మోగుతవి. చెవులు మూసుకొనే పిల్లలున్న తల్లులు ఇప్పుడే లేచి ఉత్తరపు ద్వారం వైపు వెళ్ళండి. హారతి పళ్ళెం అక్కడికే వస్తుంది, అర్చకులకు చెప్పి ఉంచాను.