అడ్డుకోత కొలత: పంచాయతీ పనులకు రక్ష
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై వ్రాసిన ప్రసంగ పాఠము)



గ్రామమున కాలువ త్రవ్వినను, కట్ట పోసినను, వీధిలో మురుగుకాలువ కట్టినను, చేసిన పనికి చెల్లింపు కొలతను బట్టియే జరుగుచుండును. కొలత ఎక్కువగా వ్రాసినచో పంచాయతీ నిధికి నష్టము. తక్కువగా వ్రాసినచో కూలివాని కష్టమునకు నష్టము. కావున కొలత పుస్తకములోని లెక్కను సరిచూచుకొను శక్తి ప్రతి సభ్యునకును ఉండవలెను. అందులకు నాలుగు తరగతుల గణితము చాలును.

పొడవును కొలుచుట అందరికిని తెలిసినదే. తెలిసికొనవలసినది అడ్డుకోత వైశాల్యము. అరటిబోదెను అడ్డముగా నరికినప్పుడు కనబడు ముఖము వంటిదే అది. దానిని పొడవుతో గుణించినచో ఘనపరిమాణము వచ్చును.

మురుగుకాలువ

ఇది దీర్ఘచతురస్రము. లోపలి వెడల్పు 40 సెం.మీ., లోతు 50 సెం.మీ. అయినచో వైశాల్యము 2,000 చదరపు సెం.మీ. వెడల్పున 5, లోతున 5 సెం.మీ. తగ్గినచో 35ను 45తో గుణింపగా 1,575 మాత్రమే మిగులును. కంటికి స్వల్పముగా తోచు ఈ తగ్గుదల వలన అయిదవ వంతుకు మించి చోటు పోయినది. వానకాలమున ఆ నీరు ఇండ్లలోనికే వచ్చును.

చెరువుకట్ట

కట్ట పైన ఇరుకు, అడుగున వెడల్పు. పైవెడల్పును, అడుగు వెడల్పును కూడి, అందు సగమును ఎత్తుతో గుణింపవలెను. పైన 1 మీటరు, అడుగున 7 మీటర్లు, ఎత్తు 1.5 మీటర్లు అయినచో వైశాల్యము 6 చదరపు మీటర్లు. 100 మీటర్ల పొడవునకు మట్టి 600 ఘనపు మీటర్లు. అదే వాలుతో, అదే పైవెడల్పుతో ఎత్తు 1.2 మీటర్లే వేసినచో అడుగు 5.8 మీటర్లగును, మట్టి 408 ఘనపు మీటర్లే పట్టును. ఎత్తు అయిదవ వంతు తగ్గగా మట్టి దాదాపు మూడవ వంతు తగ్గినది! కట్ట బలమును తగ్గును.

ఒక హెచ్చరిక. త్రవ్విన మట్టి పొంగి, గోతికన్న ఎక్కువ చోటు ఆక్రమించును. కనుక వదులుగా పోసిన కుప్పను కొలువరాదు. త్రవ్విన గోతినిగాని, దిమ్మిస చేసి గట్టిపరచిన కట్టనుగాని కొలువవలెను. గోతిలో అక్కడక్కడ మొదటి నేలమట్టము తెలియునట్లు చిన్న దిమ్మెలను త్రవ్వక విడిచినచో వివాదమునకు తావుండదు.

వాగు

వాగునకు క్రమమైన ఆకారము లేదు. 6 మీటర్ల వెడల్పు గల వాగునకు అడ్డముగా త్రాడు కట్టి, మీటరుకొకచోట లోతు చూడుడు. అవి 30, 60, 80, 50, 20 సెం.మీ. అనుకొనుడు, ఒడ్లయందు లోతు సున్న. మొత్తము 2.4 మీటర్లు. దానిని 1 మీటరు ఎడముతో గుణింపగా సుమారు 2.4 చదరపు మీటర్లు వచ్చును.

గొట్టము, ఇనుపకమ్మి

వృత్తమునకు వ్యాసార్ధమును దానితోనే గుణించి, 22తో హెచ్చించి, 7తో భాగింపవలెను. 30 సెం.మీ. గొట్టమునకు 707, 15 సెం.మీ. గొట్టమునకు 177 చదరపు సెం.మీ. వచ్చును. కావున పెద్దదానికి బదులు రెండు చిన్నవి చాలవు. నాలుగు వేసినను, గోడల రాపిడి హెచ్చగుట వలన, అంత నీరు పారదు.

కమ్మికిని ఇదే లెక్క. 12 మి.మీ. కమ్మి వైశాల్యము 113 చదరపు మి.మీ.; 10 మి.మీ. కమ్మికి 79 మాత్రమే. అనగా నూటికి ముప్పది పాళ్లు ఇనుము తక్కువ. దీనిని తూకముతో పట్టుకొనవచ్చును. వ్యాసపు మిల్లీమీటర్లను వానితోనే గుణించి 162తో భాగించినచో, మీటరు కమ్మి ఎన్ని కిలోలుండవలెనో తెలియును: 12కు 889 గ్రాములు, 10కి 617 గ్రాములు. కాంక్రీటు పోసిన పిదప కమ్మి కనబడదు, ముందే తూచవలెను.

సభ్యులారా! కొలత టేపును పట్టుట అధికారులను అనుమానించుట కాదు. ప్రజల సొమ్మును కాపాడుట. పని జరుగుచుండగనే, పనివారి సమక్షమున కొలిచి, లెక్కను గ్రామసభలో చదివి వినిపింపుడు. అందరి యెదుట తేలిన లెక్కపై అనుమానమునకు చోటుండదు.