నడపక మునుపే దోషమెంచుట

మా స్టూడియోలో ఏ ప్రసంగమైనను మైకు ముందునకు రాక మునుపే మరియొకరు చదివి చూతురు. కంప్యూటరు ప్రోగ్రాములకును అట్టి చదువరి కలదు. సీ భాషలోని ప్రోగ్రామును నడపకయే, పాఠమును మాత్రము చదివి అనుమానములు చెప్పు 'లింట్' అను సాధనమును 1970 దశాబ్ది చివర అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ రచించెను. లింట్ అనగా బట్టకు పట్టిన పీచు.

పీచే కదా అనరాదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ సంస్థ తన ఫోనులలో ఒక లోపమును సవరించెను. 'గోటూ ఫెయిల్' అను పంక్తి పొరపాటున రెండుమార్లు పడినది. మొదటిదానికి 'ఐనచో' అను షరతు కలదు, రెండవదానికి లేదు. లోపలికి జరిపి వ్రాయుటచే రెండును షరతు క్రిందివే యని కంటికి తోచును. యంత్రము మాత్రము ప్రతిసారియు చివరకు దుమికి, అవతలివారి సంతకమును పరీక్షింపకయే సరియని చెప్పెను. నడుమనున్న వంచకుడు బ్యాంకు వేషము వేసినను తెలియదు!

ఆ క్రింది పంక్తులకు దారి లేదని చెప్పగల సాధనములు అప్పటికే ఉన్నవి. అయితే కొన్నింటిలో ఆ హెచ్చరికను విడిగా కోరవలెను. చాదస్తపు పండితునివలె ఇవి లేని తప్పులను కూడ పట్టును; విసిగి నోరు నొక్కుదుము. పది పంక్తులున్ననాడే వినుట మొదలిడినచో రెండు హెచ్చరికలను ఓపికగా సవరింతుము. పదివేల పంక్తులైన పిమ్మట వందలుగా వచ్చినవానిని చదువువారెవరు?