లేని జట్టుకు ఎంపిక

చిత్తూరు ప్రాంతమున మామిడితోటలను పూత మీదనే గుత్తకు తీసికొనువారు కలరు. అప్పటికి కాయ పుట్టియుండదు. మంచు పట్టునో, తేనెమంచు పురుగు పడునో, గాలివాన వచ్చి పిందెనంతయు రాల్చివేయునో ఎవరికిని తెలియదు. అయినను వ్యాపారి చెట్ల నడుమ నాలుగడుగులు వేసి, తల యెత్తి పూతవంక చూచి, ఇంత అని ఒక మాట చెప్పును. ఆ మాట వెనుక ఇరువదియేండ్ల అనుభవము ఉండవచ్చును. ఒట్టి ధైర్యమే ఉండవచ్చును.

హాకీ అభిమానులు జట్టు ఎంపికను గూర్చి మాటలాడునప్పుడెల్ల మాకు ఈ పూతబేరమే జ్ఞప్తికి వచ్చును. ఎవరిని కొనవలెను, ఎవరిని వదలుకొనవలెను, ఎవరి కాలము గడచిపోయినది, ఏ కుర్రవాడు రెండేండ్లలో ఎంతవాడగును: ఇది మైదానములో ఆట మొదలు కాకమునుపే బల్లల మీద ఆడు ఆట. ఇందులో గెలిచినవారికి బహుమతి లేదు. ఓడినవారు మరుసటి యేడు మరల ఆడుదురు.

వెనుకటి కాలమున ఈ ఊహలన్నియు భారత జట్టు చుట్టును తిరుగుచుండెడివి. 1975 మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో మన జట్టు పాకిస్తానును 2–1 గోల్స్‌తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన ఆటను రేడియోలో విన్నవారు నేటికిని ఉన్నారు. చెవితో విన్న ఆటను కంటితో చూచినట్లు చెప్పుదురు. ఆ జట్టులో ఎవరు ఉండవలసినది, ఎవరు ఉండకూడనిది అను వాదము వారి ఇండ్లలో ఇప్పటికిని తెగలేదు.

పట్టణముల పేర్లతో జట్లు ఏర్పడిన తరువాత ఊహలకు లెక్క కూడ తోడైనది. 2013లో ఆరంభమైన హాకీ ఇండియా లీగు 2017 తరువాత నిలిచిపోయి, 2024లో మరల చిగిర్చినది. ఆ సంవత్సరము అక్టోబరు 13, 14, 15 తేదీలలో న్యూఢిల్లీలో ఆటగాండ్ర వేలము జరిగినది. అప్పుడు పురుషుల జట్లు ఎనిమిది. వానిలో హైదరాబాదు పేర తూఫాన్స్ ఒకటి, విశాఖపట్టణము పేర గోనాసిక ఒకటి ఉండెను. ఆ వేలములో జట్టొకటికి 4 కోట్ల రూపాయల పరిమితి. అందులో 24 మందిని కూర్చుకొనవలసియుండెను. విదేశీయులు ఎనిమిదిమందికి మించరాదని నియమముండెను.

చిత్తూరులో మేము ఎరిగిన చిన్న బృందము ఒకటి కలదు. విశ్రాంతి తీసికొన్న డ్రిల్లు మాస్టరుగారు ఒకరు, పాలసొసైటీలో లెక్కలు వ్రాయు ఆయన ఒకరు, కళాశాల విద్యార్థులు ఇద్దరు. సాయంకాలము టీ అంగడి బల్ల మీద వీరి సభ జరుగును. వేలము జరిగిన మూడు దినములును ఆ బల్ల ఖాళీ కాలేదట.

పద్దు అంతయు లెక్కల ఆయనదే. నాలుగు కోట్లను ఇరువదినలుగురికి పంచినచో తలకు పదహారు లక్షల చిల్లర వచ్చును. కాని తూఫాన్స్ జట్టు గొంజాలో పేయాట్ అను ఒక్క ఆటగానికే 68 లక్షలు పెట్టినది. ఆయన అర్జెంటీనావారి తరఫున 2016 రియో ఒలింపిక్ స్వర్ణపతకము, జర్మనీవారి తరఫున 2023 ప్రపంచ కప్పు గెలిచిన మేటి; పెనాల్టీ కార్నరును గోలుగా మార్చుటలో దిట్ట. సుమిత్ వాల్మీకికి 46 లక్షలు, జర్మనీ గోల్‌కీపరు డానెబర్గ్‌కు 27 లక్షలు పోయినవి. ముగ్గురికే 1 కోటి 41 లక్షలు. మిగిలిన ఇరువదియొక్కరిని 2 కోట్ల 59 లక్షలతో సర్దుకొనవలెను. “పెండ్లికొడుకు ఉంగరానికే సగం సొమ్ము పెడితే విందుకు ఏం మిగులుతుంది?” అని లెక్కల ఆయన బాధ. విద్యార్థులు మాత్రము పేయాట్ వచ్చినాడన్న సంతోషములో ఆ రాత్రి అందరికిని తామే టీ ఇప్పించినారు.

ఎవరి మాట నెగ్గినది? ఇరువురిదియు నెగ్గినది, ఇరువురిదియు ఓడినది. తూఫాన్స్ ఫైనలు వరకు వచ్చినారు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 3–4తో ఓడినారు. బెంగాల్ పక్షమున జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ చేసినాడు. ఆయన వేలపు ధర 48 లక్షలు. మరునాడు బల్ల మీద విననగునది ఒక్కటే మాట: ఆ 48 లక్షలు మనమే పెట్టియుండవలసినది! పంట చేతికి వచ్చిన తరువాత తోట ధర చెప్పలేనివాడు ఎవడు? 2025 సెప్టెంబరులో చిన్న వేలము జరుగుటకు ముందు, ఎవరిని నిలుపుకొందురు, ఎవరిని విడిచిపెట్టుదురు అను ప్రశ్న మీద ఇదే పద్దు మరల తెరచినారు. ఆ వివరములలోనికి మేము పోము. వినువారికి ఓపిక ఉన్నను చెప్పువారికి ఉండవలెను గదా.

మమ్ములను ఆకర్షించినది వేరొక పద్దు.

ఆ 2024–25 లీగులో స్త్రీలకు గూడ మొదటిసారిగా పోటీలు పెట్టినారు. జట్లు నాలుగే: ఢిల్లీ, ఒడిశా, బెంగాల్, పంజాబు–హర్యానాల పేర సూర్మా. తెలుగునేల పేర స్త్రీల జట్టు లేదు. పురుషుల జట్టును గూర్చి అంత రభస చేసిన ఈ నలుగురును ఇక్కడ ఎవరి పక్షమున వాదింపవలెను? ఒక సాయంకాలము చిన్న విద్యార్థి ఒక ఆలోచన చెప్పినాడు. జట్టు లేకున్నచో ఏమి? ఉన్నదనుకొని మనమే కొందము. లీగువారు స్త్రీల జట్టునకు పెట్టిన పరిమితి 2 కోట్లు, మనకును అంతే.

ఇట్టి జాబితాలు సాధారణముగా ముందువరుస నుండి మొదలగును. గోల్స్ చేయువారి పేర్లే నోటికి తొందరగా వచ్చును. ఈ జాబితా వెనుకనుండి మొదలైనది. లెక్కల ఆయన పుస్తకము తెరచి, “గోలు దగ్గర?” అని అడుగకమునుపే ముగ్గురును ఒక్క పేరు చెప్పినారు: రజని.

ఇటిమార్పు రజని పేరు వినని శ్రోతలు మన జిల్లాలో గూడ ఉండవచ్చును. ఆమెది యర్రావారిపాళెము మండలములోని యనమలవారిపల్లె. తలకోన జలపాతము ఉన్న మండలము అన్నచో అందరికిని తెలియును. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ మండలము తిరుపతి జిల్లాలో చేరినది. ఆమె ఆట నేర్చిననాడు అది చిత్తూరు జిల్లాయే. ఆ శేషాచలపు అంచు పల్లె నుండి బయలుదేరి భారతదేశపు గోలు ముందర నిలిచినది. 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టులోను, 2018 ఆసియా క్రీడలలో రజతము తెచ్చిన జట్టులోను, 2022 కామన్‌వెల్త్ క్రీడలలో కాంస్యము తెచ్చిన జట్టులోను ఆమె ఉన్నది.

అయినను ఆమె కథలో ముఖ్యమైన సంగతి పతకముల పట్టికలో దొరకదు. దానికి హాకీ ఎంపికలోని ఒక చిన్న లెక్క తెలియవలెను.

హాకీలో ఆటగాండ్రను ఎన్నిమారులైనను మార్చవచ్చును. ముందువరుసవారు కొన్ని నిమిషములు పరుగెత్తి బయటికి వచ్చి, దమ్ము తీసికొని, మరల లోనికి పోవుదురు. అందుచేత మైదానములో పదునొకండ్రే ఉన్నను బెంచి మీదివారికి గూడ చేతినిండ పని. గోల్‌కీపరు సంగతి అట్లు కాదు. పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల ఆ చట్రము ముందర, పదునైదేసి నిమిషముల నాలుగు భాగములును సాధారణముగా ఒక్కరే నిలుతురు. రెండవ గోల్‌కీపరు అనగా అన్నియు సిద్ధము చేసికొని, కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని, పిలుపు రాని మనిషి.

ఆసియా క్రీడలు, కామన్‌వెల్త్ క్రీడలవంటి పోటీలకు పదునెనమండుగురిని తీసికొనిపోవుదురు గనుక ఇద్దరు గోల్‌కీపర్లకు చోటు దొరకును. ఒలింపిక్ జట్టు పదునార్గురిదే. శిక్షకుడు సాధారణముగా ఆ రెండవ గోల్‌కీపరు చోటును పరుగెత్తువారికే ఇచ్చును. 2016లో మన స్త్రీల జట్టు 36 ఏండ్ల తరువాత ఒలింపిక్ క్రీడలకు పోయినది. గోలు ముందర సవిత, రజని రిజర్వు. 2021లో టోక్యోలోను అంతే. ఆ సారి నియమము కొంత సడలించి అదనపు ఆటగాండ్రను గూడ అనుమతించినారు. అయినను గోలు ముందర సవితయే. ఆగస్టు 2న ఆస్ట్రేలియాను 1–0తో ఓడించిన ఆటలో సవిత ఆపిన బంతులను దేశమంతయు చూచినది. ఆగస్టు 6న కాంస్యము కొరకు బ్రిటనుతో ఆడి 3–4తో ఓడినారు. నాలుగవ స్థానము. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము రజనికి 25 లక్షల బహుమానమును, తిరుపతిలో ఇంటిస్థలమును ప్రకటించినది.

బల్ల మీద వాదము ఇక్కడనే పుట్టినది. పెద్ద విద్యార్థి లెక్క చూచుకొని, “సార్, అభిమానం వేరు, వేలం వేరు. రెండు ఒలింపిక్స్‌లో బయట కూర్చున్న మనిషికి మన రెండు కోట్లలో ఎంత పెడతాం?” అని అడిగినాడు. అడుగవలసిన ప్రశ్నయే. మేము అక్కడ ఉన్నను జవాబు చెప్పలేకపోయియుందుము.

డ్రిల్లు మాస్టరుగారు టీ గ్లాసు క్రింద పెట్టి, “నాయనా, గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్లు కొట్టడం ఎక్కడ నేర్చుకుంది? ఖాళీ గోలు మీద కొట్టి నేర్చుకుందా? పొద్దున్నే లేచి ఆ బంతులకు ఎదురు నిలబడింది ఎవరు? శిబిరంలో ఇద్దరు ఉంటేనే ఒకరు పదునెక్కుతారు. నువ్వు ఆట చూస్తున్నావు. నేను సాధన చూడమంటున్నాను” అన్నారట. కార్నరు బంతి గంటకు నూరు కిలోమీటర్లు మించిన వేగముతో వచ్చును. ప్రేక్షకులు లేని చోట, పేరు వ్రాయు పత్రిక లేని చోట, దినదినమును ఆ బంతికి ఎదురు నిలుచుట ఎట్టి పనియో ఎన్నడైనను ఆ మైదానముల దరి నిలిచి విన్నవారికి తెలియును. బంతి చెక్కకు తగిలిన చప్పుడు తుపాకి చప్పుడువలె ఉండును.

విద్యార్థి ఊరకుండలేదు. 2024 జనవరి సంగతి తెచ్చినాడు. అది మాస్టరుగారికే అనుకూలించినది. ఆ నెల 19న రాంచీలో మన స్త్రీల జట్టు జపానుతో 0–1తో ఓడి పారిస్ ఒలింపిక్ అవకాశము కోల్పోయినది. వారము గడచినదో లేదో మస్కట్‌లో జట్టునకు అయిదుగురు చొప్పున ఆడు హాకీకి స్త్రీల తొలి ప్రపంచ కప్పు జరిగినది. చిన్న మైదానము, ఊపిరి తీయనీయని ఆట. గోల్‌కీపరునకు నిమిషమైనను విశ్రాంతి లేదు. భారత జట్టు ఫైనలులో నెదర్లాండ్స్ చేతిలో 2–7తో ఓడి రజతము తెచ్చినది. ఆ జట్టు నాయకురాలు రజని. వెనుక నిలిచి నడిపించు మనిషి జట్టునకు కావలెనా, అక్కరలేదా? విద్యార్థి నవ్వి, “సరే, వ్రాసుకోండి” అన్నాడు. ఎంత వ్రాసినారో మాకు చెప్పలేదు. పోటీజట్టువారు వినుదురేమోనని భయము కాబోలు!

మాటలలో కెనడా సంగతి గూడ వచ్చినది. అక్కడివారిది మంచు మీద ఆడు హాకీ. 1963లో మాంట్రియలులో మొదలైన వారి పద్ధతి ప్రకారము కొత్త ఆటగాండ్రకు వేలము లేదు. జట్లు వంతుల చొప్పున ఎంచుకొనును. గడచిన యేడు వెనుకబడిన జట్టునకు మొదటి వంతులు. ఆ వంతులను గూడ జట్లు ఒకదానికొకటి మార్చుకొనును గనుక, పుట్టని కాయకు బేరము వారును ఆడుదురన్నమాట. చిన్న విద్యార్థికి ఈ న్యాయము మిక్కిలి నచ్చినది. “అసలు జట్టే లేనివాళ్లు మనం. మనకంటే వెనుకబడినవాళ్లు ఎవరు? మొదటి వంతు మనదే” అన్నాడు.

ఆ వంతున తీసికొనిన పేరు వారి పుస్తకములో మొదటి గీత మీద ఉన్నది. తరువాతి గీతలు నిండుటకు మూడు సాయంకాలములు పట్టినదట. అసలు వేలములో స్త్రీలకు దక్కిన అత్యధిక ధర 32 లక్షలు. బెంగాల్ వారు దానిని ముందువరుసవారికి గాక రక్షణవరుస ఆడు ఉదితకు పెట్టినారు. ఇది చూచి లెక్కల ఆయన తన పద్దంతయు కొట్టివేసి మరల వ్రాసినాడు.

మేము వెళ్లిన దినమున పుస్తకము చూపినారు. చివరి పుటలో ఒక గీత ఖాళీగా ఉన్నది. అది రెండవ గోల్‌కీపరు చోటు. ఎవరని అడిగితిమి. పెద్ద విద్యార్థి భారత శిబిరములోని ఒకరి పేరు చెప్పబోయినాడు. డ్రిల్లు మాస్టరుగారు చేయి అడ్డము పెట్టినారు. ఆదివారము పీలేరు బస్సు ఎక్కి ఆ వైపు పాఠశాలలలో బాలికల ఆటలు చూచుటకు పోవుచున్నాననియు, తాను వచ్చువరకు ఆ గీత ముట్టవద్దనియు చెప్పి, లెక్కల ఆయన చేతిలోని కలమును తీసికొని, తన జేబులోని పెన్సిలు ఇచ్చినారు.