నిర్ణయము మొదట, ఔషధము పిమ్మట



వైద్యస్నాతకులారా! నేత్రవైద్యమున నా జీవితమును గడపితిని గనుక, ఆ శాస్త్రమునుండియే యొక విషయము నెన్నుకొని, దానిమూలమున మన వృత్తిధర్మమును మీకు స్మరింపజేయుట యుచితమని తలచితిని. ఆ విషయము కంటికి సోకు శిలీంధ్రవ్యాధులు. ఆ ధర్మము, రోగమేదియో నిర్ణయింపక ఔషధము నీయరాదనునది.

1879లో జర్మనీదేశపు నేత్రవైద్యుడు టియోడోర్ లేబెర్, ధాన్యము నూర్చుచుండగా ఓట్సుపొట్టు కంటబడి పుండైన యొక కర్షకుని కార్నియానుండి, అనగా నల్లగుడ్డుపై పారదర్శకపు పొరనుండి, ఆస్పర్జిల్లస్ అను బూజును వెలికిదీసి, కంటిపుండునకు శిలీంధ్రము కారణము కాగలదని లోకమునకు ప్రప్రథమముగ చాటెను. ఆ కర్షకుని కథ మన తెలుగు పొలములందు కోతల కాలమునను, నూర్పిళ్ల కాలమునను నేటికిని పునరావృతమగుచునే యున్నది. వరికంకి నూగో, వడ్లగింజయో, చెఱకాకు అంచో నల్లగుడ్డును గీరును. కూలి పోవునను భయమున ఆ శ్రమజీవి రెండుదినము లోర్చుకొనును. ఇరుగుపొరుగులు చెప్పిన ఆకుపసరో చనుబాలో పోయించుకొనును. పిదప మందుల దుకాణమున చేతికందిన చుక్కలమందును దెచ్చుకొనును. అందు స్టెరాయిడ్ ఉన్నచో, ఎఱుపు తగ్గి ఉపశమనము కలిగినట్లు తోచుచుండగనే, శరీరపు రక్షణశక్తి సన్నగిలి బూజు కార్నియా లోపొరలలోనికి చొచ్చుకొనిపోవును. దక్షిణభారతమున ఇట్టి పుండ్లకు ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అను రెండు బూజులే తఱచుగ కారణములు.

అనుభవజ్ఞుడగు వైద్యుడు ఈకలవలె చీలిన అంచులను, ప్రధానవ్రణముచుట్టు పొడమిన ఉపవ్రణములను, ఎండి ఉబికిన పైభాగమును జూచి శిలీంధ్రమని యూహింపగలడు. కాని ఊహ నిర్ణయము కాజాలదు. బాక్టీరియా వ్రణములును ఒక్కొక్కప్పుడీ రూపమునే ధరించును. కావున మత్తుచుక్కలు వేసి, పుండు అడుగునుండియు అంచులనుండియు శుద్ధమైన అలుగుతో లేశమాత్రము గీకి, గాజుపలకపై పఱచి, నూటికి పదిపాళ్ల పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణమును చేర్చి సూక్ష్మదర్శినిలో జూడవలెను. కణజాలము కరగి విడిపోగా, బూజుతంతువులు మాత్రము చెక్కుచెదరక కానవచ్చును. కాల్కోఫ్లోర్ వైట్ అను రంజకమును కలిపి ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిలో జూచిన నవి మిలమిల మెఱయును. స్వల్పవ్యయమున నిమిషములలో ముగియు ఈ పరీక్షను పని యొత్తిడియను మిషతో దాటవేయుట క్షంతవ్యము గాదు. మిగిలిన నమూనాను రక్తాగరుపైనను, సబురో మాధ్యమముపైనను నాటి, ఓపికతో వేచియుండవలెను; కొన్ని బూజులు తమ స్వరూపమును జూపుటకు రెండువారములైనను పట్టును.

తంతువులు కానవచ్చినంతనే పని ముగిసినదనుకొనరాదు. ఏ బూజో తెలియుటయు నావశ్యకమే. మదురై అరవింద నేత్రవైద్యశాలవారు అమెరికా పరిశోధకులతో కలసి 323 మంది రోగులపై సాగించి, 2013లో ఫలితములను వెల్లడించిన పరీక్షయందు, ప్రాతమందైన నాటమైసిన్ క్రొత్తదగు వోరికొనజోల్‌కంటె మేలైనదని తేలినది. ఫ్యుజేరియం పుండ్లయందు ఆ భేదము మఱింత స్పష్టముగ నుండెను. క్రొత్తదనముచేతనే మందు శ్రేష్ఠము కాదనియు, రోగకారకమునుబట్టియే దాని విలువ నెంచవలెననియు ఈ ఫలితము బోధించుచున్నది.

ఇక మీ బుద్ధికి నిజమైన పరీక్షయగు రోగమునుగూర్చి వినుడు. పిథియం ఇన్‌సిడియోసం అను జీవి నిలువనీటను, తడినేలను వసించును. అది తెచ్చు పుండు శిలీంధ్రవ్రణమువలెనే యుండును. గాజుపలకపై దాని తంతువులు బూజుతంతువులవలెనే కన్పట్టును. అయినను అది శిలీంధ్రము గాదు. వంశరీత్యా గోధుమవన్నె సముద్రశైవలములకు జ్ఞాతి. నాటమైసిన్ శిలీంధ్రకణపు పొరయందలి ఎర్గోస్టెరాల్‌ను బట్టుకొని పనిచేయును. పిథియం పొరయందు ఆ పదార్థమే కొఱవడుటచే, గంటగంటకు వేసిన చుక్కలు వృథయగును, పుండు కార్నియా అంచువఱకు ప్రాకును, తుదకు కన్నే పోవచ్చును. కావున తంతువులు వెడల్పుగ నుండి అడ్డుగోడలు విరళములైనచో, పళ్లెములోని పెరుగుదల వన్నెలేక చదునుగ నుండి బీజములను గట్టకున్నచో, ప్రయోగశాలయందలివారు సందేహింపవలెను. దానిని గడ్డిపఱకతో కూడ నీటియందుంచిన, కొన్ని గంటలలో జూస్పోర్లను ఈదులాడు బీజములను విడుచును. కంటికి సోకు ఏ బూజునందును ఈ గుణము కానరాదు. హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ పరిశోధకులు ఈ జూస్పోర్ల పరీక్షయు, డి.ఎన్.ఏ. అనుక్రమ పరీక్షయు నిర్ణయమున కెట్లు తోడ్పడునో 2015లో ప్రకటించిరి. లినెజోలిడ్, అజిత్రోమైసిన్ అను బాక్టీరియా మందులతో చికిత్స సాధ్యమని 2018లో వెల్లడించిరి. శిలీంధ్రమని నమ్మియున్న పుండునకు బాక్టీరియా మందు నుపయోగించుట మొదట వింతగ తోచును. నిర్ణయము మాఱినంతనే అదియే యుక్తమైన చికిత్స యగుచున్నది.

కార్నియాకే పరిమితము గాని మఱొక శిలీంధ్రవ్యాధియు కలదు. 2021లో కోవిడ్ రెండవ విజృంభణమును వెన్నంటి వచ్చి, జనులు బ్లాక్ ఫంగస్ అని భయముతో బల్కిన మ్యూకర్‌మైకోసిస్‌ను మీ రెఱుగుదురు. అదుపుతప్పిన మధుమేహమును, మితిమీరిన స్టెరాయిడ్‌లును తెఱచిన దారిని, ముక్కునుండి కనుగూటికిని, అటనుండి మెదడునకును ప్రాకిన రోగమది. కణజాలమున రిబ్బనువలె వెడల్పై, లంబకోణమున చీలు తంతువు లొకసారి కానవచ్చినచో, శస్త్రచికిత్సకును ఆంఫోటెరిసిన్ అను మందునకును క్షణమైనను జాగు చేయరాదు. ఆ కణజాలపు నమూనాను నూఱినచో తంతువులు నశించి పెంపకము విఫలమగునని తెలిసి, చిన్న తునియలుగ మాత్రమే కోసి నాటుటయు విద్యయే; ఇట్టి సూక్ష్మవిషయములందే వైద్యుని నిష్ఠ వెల్లడియగును.

స్నాతకులారా! మీలో కొందఱు నగరములందును, పెక్కురు జిల్లా, ప్రాంతీయ వైద్యశాలలందును పనిచేయుదురు. ఎచటికేగినను ఒక సూక్ష్మదర్శినిని కోరుడు. దాని నుపయోగించు నేర్పు మీయందు లేకున్న సిగ్గుపడక నేర్వుడు. ప్రయోగశాలకు బంపు చీటిలో రోగి వృత్తియు, తగిలిన దెబ్బయు, అంతకుముందు వాడిన మందులును వ్రాయుడు. స్లైడు చూచు సాంకేతికుని సహాధ్యాయివలె గౌరవించుడు. సందేహమున్న చోట ఆతనితో కూడి మఱల జూడుడు. కోతలకు ముందే పల్లెలకేగి, కంట నలుసు పడినచో పసరు వలదనియు, స్టెరాయిడ్ చుక్క వలదనియు, వెంటనే వైద్యుని కడకు రావలెననియు చెప్పుడు. కార్నియా పుండు మాని పువ్వు మిగిలినచో ఆ కూలివాని బ్రతుకుతెరువు పోవుననియు, వాని బిడ్డ బడి మానవలసివచ్చుననియు మఱువకుడు. ఈ దేశపు కృషీవలుల చెమటవలన ధాన్యమును, పన్నుల రూపమున ధనమును పొంది చదివినవారము మనము. వారి చూపును కాపాడుట దయ యనిపించుకొనదు, అది మనము తీర్పవలసిన ఋణము. మొదటి చుక్క వేయుటకు ముందు మొదటి స్లైడును మీ కన్నులతో చూడుడు. మీకు ఆయురారోగ్యములును, సత్కీర్తియు, మీ చేతులమీదుగ వేలాదిమందికి చూపును కలుగుగాక!