ఈనుటకు ముందు, ఈనిన పిదప ఆవుల పోషణము
(పాఠశాల తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగము)



హోసూరు ప్రాంతమువారికి పాడి క్రొత్త కాదు. 1824వ సంవత్సరమున స్థాపింపబడిన పశుక్షేత్రము మన ఊరి చెంతనే యున్నది. మన యిండ్లలో పెక్కింట పిల్లల పుస్తకములకును, బట్టలకును వలయు ద్రవ్యము పాల వలననే వచ్చుచున్నది. అయినను "పాలియ్యని ఆవుకు దాణా యేల?" యని యడుగువారు నేటికిని కలరు. ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ఆవు సుమారు 280 దినములు చూలు మోయును. గర్భమునందలి దూడ బరువులో అధికభాగము కడపటి రెండు మూడు మాసములలోనే పెరుగును. ఆ కాలమునందే పొదుగు విశ్రాంతి గొని, రాబోవు ఈతకు సిద్ధమగును. కావున ఈనుటకు 60 దినములు ముందుగా పాలు పితుకుట మానవలెను. జనవరి 14వ తేదీన చూలు కట్టిన ఆవు అక్టోబరు 21వ తేదీ ప్రాంతమున ఈనును. ఆగస్టు 22వ తేదీకి పితుకుట మానవలెను. ఈ లెక్కను మీ పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయించి యుంచుడు. పూర్వము పొదుగువాపు వచ్చిన ఆవైనచో, పితుకుట మానునప్పుడే పశువైద్యుని సలహా పొందుడు.

ఈ రెండు మాసములలో పచ్చిమేతతోను, ఎండుమేతతోను పాటు దినమునకు ఒకటి రెండు కిలోల దాణా పెట్టవలెను. మేత తగ్గించినచో దూడ చిన్నదై సులభముగా పుట్టునని కొందరు తలంతురు. దాని వలన తల్లి నీరసించును, దూడ బలహీనమగును, పాలును తగ్గును. అట్లని ఆవును మితిమీరి క్రొవ్వనీయరాదు. క్రొవ్విన ఆవు ఈనుటకు కష్టపడును.

ఈనిన పిదప మొదటి కర్తవ్యము దూడకు ముర్రుపాలు పట్టుట. మావి పడువరకు దూడను పొదుగునకు చేరనీయని ఆచారము కొన్ని యిండ్ల కలదు. ఇది మిక్కిలి హానికరము. రోగములనుండి కాపాడు శక్తి దూడకు గర్భమునందు లభింపదు. ముర్రుపాల వలననే లభించును. ఆ శక్తిని గ్రహించు గుణము దూడ ప్రేగులకు గంట గంటకు తగ్గుచు, ఒక దినములో ఇంచుమించు నశించును. కావున పుట్టిన గంట రెండు గంటలలోపలనే మొదటిసారి త్రాగింపవలెను. 25 కిలోల దూడకు మొదటి దినమున రెండున్నర లీటర్లకు తక్కువ కారాదు. దూడ కడుపు నిండిన పిదపనే ఇరుగుపొరుగువారికి జున్ను పంచుడు. బొడ్డునకు టింక్చరు అయోడిను పూయుట మరువకుడు. మావి 12 గంటలలో పడనిచో చేతితో లాగక, వైద్యుని పిలువుడు.

మూడవ ఈత మొదలుకొని, అధికముగా పాలిచ్చు ఆవులకు ఈనిన రెండు మూడు దినములలో పాలజ్వరము వచ్చుట కలదు. పేరు జ్వరమే గాని ఒడలు కాగదు. చెవులు చల్లబడును, ఆవు తూలి కూలబడి, మెడ ప్రక్కకు త్రిప్పుకొని పడియుండును. పాలలోనికి సున్నపు ధాతువు హఠాత్తుగా పోవుటయే దీనికి కారణము. అట్టి ఆవు నోట కషాయములు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వెంటనే వైద్యుడు వచ్చి నరమునకు కాల్షియము ఎక్కించినచో, పెక్కు ఆవులు కొలది గంటలలోనే లేచి నిలుచును. ఆలస్యమైనచో ప్రాణహాని కలుగును.

ఈనిన ఆవుకు దాణా ఒక్కసారిగా పెంచక, రెండు మూడు వారములలో క్రమముగా పెంచుడు. శరీరపోషణమునకు ఒకటిన్నర కిలో, అటుపై ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పెట్టవలెను. నీరు ఎల్లవేళల అందుబాటున నుండవలెను.

పాలియ్యని ఆ రెండు మాసములలో పెట్టిన దాణా వ్యర్థము కాదు. అది దూడ బలమై, రాబోవు ఈత పాలై తిరిగి మీ యింటికే చేరును.