రెండవ మోడెమ్ క్షేమమేనా?

(ప్లాటినోత్సవ విజ్ఞాన ప్రదర్శన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పదవ తరగతి పిల్లలు ప్రదర్శనలో ఉంచిన రెండు పెట్టెలను, వాటి నడుమ ఉన్న స్విచ్‌ను తాము చూచే ఉంటారు. “ఒకటి చెడితే రెండవది పనిచేస్తుంది, ఇందులో వింత ఏమున్నది?” అని ఒక పెద్దమనిషి అడిగారు. వింత మార్చడంలో లేదు. చెడినదని తెలుసుకోవడంలో ఉన్నది.

సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహంతో సంభాషించే భూకేంద్రాలలో మోడెములను తరచు జంటగా అమరుస్తారు. 2004 సెప్టెంబరు 20న ప్రయోగించిన ఎడ్యుసాట్ ద్వారా మన చామరాజనగర్ జిల్లా ప్రాథమిక పాఠశాలలకు పాఠాలు అందినవి. అటువంటి చోట ఒక్క పెట్టె మొరాయిస్తే ఎన్ని తరగతులు చీకటి తెరను చూస్తూ కూర్చోవాలో ఊహించండి.

మోడెమ్ క్షేమంగా ఉన్నంతసేపు దానిలోని చిన్న రిలేకు విద్యుత్తు అందుతూ ఉంటుంది. లోపం కలిగినా, అసలు కరెంటే పోయినా ఆ రిలే విడిపోతుంది. స్విచ్ దానిని లోపంగానే గ్రహిస్తుంది. హాజరు పిలిచినప్పుడు పలకని పిల్లవాడిని మనం గైర్హాజరుగా వేసుకోవడం వంటిదే ఇది. అయితే కుండపోత వానలో సంకేతం క్షీణించి రెండు మోడెములూ ఒక్కసారే పట్టు కోల్పోవచ్చు. యాంటెన్నా ఒక్కటే గనుక అప్పుడు మార్చి ప్రయోజనం లేదు. అందుచేత స్విచ్ కాసేపు ఓర్చుకొని, రెండవది బాగున్నదని చూచుకొని మరీ మార్చాలి.

చిక్కంతా ఆ రెండవదానితోనే. దాని స్వీకరణ భాగం నిత్యమూ వింటూనే ఉండగలదు గనుక అందులోని లోపం బయటపడుతుంది. ప్రసార భాగాన్ని మాత్రం మౌనంగా ఉంచుతారు. రెండూ ఒకే పౌనఃపున్యంపై పలికితే ఒకదాని మాటను మరొకటి చెరుపుతుంది. ఆ మౌనంలో లోపం నెలల తరబడి దాగి ఉండవచ్చు. పేరే పిలవని పిల్లవాడు వచ్చాడో లేదో ఎవరికి తెలుస్తుంది? అందుకే నిర్ణీత కాలానికొకసారి, బాగున్న మోడెమ్‌ను కావాలనే పక్కనపెట్టి రెండవదానికి పని అప్పగించి చూడాలి. క్షణకాలం అంతరాయం కలుగుతుందని దీనిని వాయిదా వేయడం నా దృష్టిలో పొదుపు కాదు.

1998 మే 19న అమెరికాకు సేవలందిస్తున్న గెలాక్సీ-4 ఉపగ్రహంలో దిశను అదుపు చేసే ప్రధాన యంత్రం విఫలమైంది. ఇది మోడెమ్ కాదు, కాని న్యాయం ఒక్కటే. దానికి తోడుగా ఉంచిన రెండవ యంత్రం వేరొక కారణంచేత అంతకుముందే పనికిరాకుండా పోయి ఉన్నది. ఆ దేశపు పేజర్లలో నూటికి దాదాపు 80 మూగవోయినవి. ఆసుపత్రులు తమ వైద్యులను పిలిపించుకోలేక ఇబ్బంది పడినవి.

మన పిల్లల నమూనాలో మూడవ దీపం ఎందుకని కొందరు అడిగారు. మొదటి పెట్టె చక్కగా పనిచేస్తుండగానే రెండవదాని తీగను ఊడదీయండి, ఆ దీపం ఎర్రగా వెలుగుతుంది. మరి స్విచ్చే చెడితే ఎట్లా అన్న ప్రశ్నకు వారు ఒక జవాబు సిద్ధం చేసుకున్నారు; బల్ల దగ్గరకు వెళ్ళి వారినే అడగండి.