పెట్టెలో లేని దూరం



పిల్లలకు కొనిపెట్టే బొమ్మల్లో ప్లాస్టిక్ యుద్ధ నమూనాలు కూడా ఉన్నాయి. అట్టపెట్టె విప్పితే ఏముంటుంది? సన్నని చట్రాలకు అంటుకుని ఉన్న చేతులు, కాళ్ళు, టోపీలు, చక్రాలు, ఒక ఫిరంగి గొట్టం. వాటిని బ్లేడుతో జాగ్రత్తగా వేరుచేసి, అంచులు నునుపు చేసి, జిగురుతో అతికించి రంగులు వేస్తే అరడజను సిపాయిలూ ఒక ఫిరంగీ తయారవుతాయి. ఆ జిగురు ఘాటు మంచిది కాదు కనుక కిటికీ తీసి ఉంచుకోవాలి. చిన్నపిల్లలైతే పెద్దవాళ్ళు పక్కన కూర్చోవాలి.

ఇలాంటి బొమ్మలు పిల్లలకు ఇవ్వవచ్చా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇవ్వండి. అయితే పెట్టె మీద అచ్చువేసిన ఒక అంకెను పిల్లవాడి చేత చదివించండి. అది 1/35 కావచ్చు, 1/72 కావచ్చు. అదే స్కేలు. 1/35 అంటే అసలు వస్తువులో 35 సెంటీమీటర్లు బొమ్మలో ఒక్క సెంటీమీటరు అవుతుంది. 175 సెంటీమీటర్ల మనిషి 5 సెంటీమీటర్ల సిపాయి అవుతాడు.

ఇప్పుడొక ఫిరంగిని తీసుకుందాం. మన యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది కదా, వారి ఫిరంగినే చూద్దాం. 1897లో ఫ్రాన్సు తయారుచేసిన ఫిరంగి అది. దాని గొట్టం లోపలి వెడల్పు 75 మిల్లీమీటర్లు. అందుకే దాన్ని ఫ్రెంచివారు 'సువాసాంత్-కేంజ్' అనేవారు. అంటే డెబ్బై అయిదు, అంతే. పేల్చినప్పుడు గొట్టం ఒక్కటే వెనక్కి జరిగి మళ్ళీ ముందుకు వస్తుంది, చక్రాలు కదలవు. అందువల్ల ప్రతిసారీ కొత్తగా గురి చూడనక్కరలేదు. నిమిషానికి 15 గుండ్ల దాకా పేల్చవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు ముఖ్యమైన ఫిరంగి ఇదే.

దాని బరువు సుమారు 1,140 కిలోలు. మరి 1/35 బొమ్మను అదే లోహంతో పోతపోస్తే ఎంత తూగుతుంది? 1,140ని 35 పెట్టి భాగించేస్తారు పిల్లలు. కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కదా! 35ను మూడుసార్లు గుణించాలి. 42,875 వస్తుంది. దానితో భాగిస్తే బరువు 27 గ్రాములు కూడా ఉండదు. ఘనపరిమాణం పాఠం ఇంతకన్నా బాగా ఎలా చెప్పగలం?

ఇక అసలు లెక్కకు వద్దాం. ఆ ఫిరంగి గుండు 8 కిలోమీటర్లు పోగలదు. యానాంలో పేలిస్తే గోదావరి దాటి, ఎదుర్లంక కూడా దాటిపోయి పడుతుంది. మరి బొమ్మల లెక్కన ఆ దూరం ఎంత? సుమారు 230 మీటర్లు. పిల్లలేమో శత్రువు బొమ్మను జానెడు దూరంలో నిలబెడతారు. పెట్టెలో సిపాయిలున్నారు, ఫిరంగి ఉంది, దూరం మాత్రం లేదు.

మన ప్రాంతంలోనే చూడండి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి, ఇంగ్లీషు సేనలు తలపడ్డాయి. రెండువైపులా ఎక్కువమంది సిపాయిలే. అక్కడ ఒకరికొకరు కనిపిస్తూనే కాల్చుకున్నారు. తరవాత డెబ్బై అయిదు వచ్చింది. ఎక్కడో ముందున్న మనిషి దూరం, దిశ చెబుతాడు. ఫిరంగి దగ్గరివాడు ఆ అంకెలు సరిచేసి పేలుస్తాడు. గుండు ఎవరిమీద పడిందో అతను చూడడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, మన పక్కనున్న కాకినాడ మీద బాంబులు వేశాయి. వేసినవాడికి కింద ఉన్నది ఒక రేవు. మనకు అది కాకినాడ.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. నమూనా పూర్తయ్యాక అట్టముక్కలతో ఒక చిన్న ఇల్లు కూడా చేయించండి. 7 మీటర్ల ఇల్లు 20 సెంటీమీటర్లు అవుతుంది. వాకిట్లో ముగ్గు వేసే ఒక అమ్మ బొమ్మ, పక్కన ఒక పిల్లవాడి బొమ్మ పెట్టించండి. సాయంత్రం గోదావరి గట్టుమీదకు వెళ్ళి, ఫిరంగిని ఒకచోట పెట్టి, అక్కడినుంచి 230 మీటర్లు మీవాడి చేతనే కొలిపించండి. ఇల్లు అక్కడ పెట్టి, వెనక్కి తీసుకొచ్చి, ఫిరంగి పక్కన నిలబెట్టి అడగండి: "అమ్మ బొమ్మ కనిపిస్తోందా, నాన్నా?"

కనిపించదు. ఎందుకు కనిపించడం లేదో వాడినే చెప్పనివ్వండి. మీరు తొందరపడి చెప్పకండి. ఆ తరవాత దసరాకు ఆ ఫిరంగిని బొమ్మల కొలువులో పెడతానంటే నిక్షేపంగా పెట్టనివ్వండి. ఆ ఇల్లు కూడా కొలువులో ఉండాలని మాత్రం చెప్పండి.